జీటీపీ బంద్

జవాబు పత్రంలో పేజీ తిప్పవలసి వచ్చిన ప్రతిసారీ చీఫ్ ఎగ్జామినర్ ప్రేమ్‌సాగర్ కుడి బొటనవేలిని నాలుక మీద అద్దుకునేవాడు. ఆ తడి వేలితో కాగితం మూల పట్టి లేపేవాడు. కట్ట విప్పి, లెక్క సరిచూసి, దిద్దేవాళ్లకు పంచడం అతని పని కనుక ఏ పత్రమూ ఆ వేలిని తప్పించుకునేది కాదు. కౌసల్య బల్ల మీదికి చేరేసరికి వాటి కుడి దిగువ మూలలు మెత్తబడి, ఉమ్మీ సమోసా నూనే కలిసిన గోధుమరంగు మరక ఒకటి తేలి ఉండేది. ఆమె మూలను వదిలిపెట్టి, రెండు గోళ్లతో పైఅంచు పట్టుకుని తిప్పడం అలవాటు చేసుకుంది. అందువల్ల చెయ్యి నెమ్మదించింది.

"మేడం, గట్ల చీమను పట్టినట్టు పడితే నలభై పేపర్లు ఎప్పుడైతయ్?" అన్నాడు పక్క కుర్చీలోని మల్లేష్. "పొద్దున ఇరవై, మధ్యానం ఇరవై. ఎండకు మనం వేగుతున్నం, గీ పోరగాండ్ల రాతలకు మళ్ల వేగుడు."

"మీవి ఎన్నైనయి?"

"పదహారు. నేను సదువుత లేను గదా. చూస్తున్న."

అది అతను హాస్యానికి అన్న మాట కాదు. మే నెల మొదటి వారం. నల్లగొండలో ఒక కళాశాల పరీక్షల హాలులో డిగ్రీ చివరి సెమిస్టర్ పత్రాలు దిద్దుతున్నారు. జంతుశాస్త్రానికి నాలుగు బల్లలు. పైన తిరుగుతున్న ఫ్యాన్లు వేడిగాలిని ఒక మూల నుంచి మరో మూలకు నెట్టడం తప్ప వేరే పని చేయడం లేదు. కాగితాలు ఎగిరిపోకుండా అందరూ వాటి మీద ఏదో ఒకటి పెట్టుకున్నారు. కౌసల్య తన నీళ్ల సీసా పెట్టుకుంది. మల్లేష్ తన చెప్పుల్లో ఒకదాన్ని.

ఏడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి కౌసల్యకు కూడా చదవవలసిన అవసరం ఉండేది కాదు. "కణ చలనంలోను, సంకేత ప్రసారంలోను చిన్న జీటీపీయేజ్ ప్రోటీన్ల పాత్రను వివరించుము." పది మార్కులు. ఏ పత్రం విప్పినా ఒకటే వాక్యం, ఒకటే వరుస, అవే మాటలు: "జీటీపీ అతుక్కోగానే ప్రోటీన్ బంద్ అగును. దీనినే జీటీపీ బంద్ రూపం అందురు." హాలియా నుంచి రాసినవాళ్లూ, దేవరకొండ నుంచి రాసినవాళ్లూ ఒకే నోటితో పలికినట్టు రాశారు. బల్ల మధ్యలో అతికించిన జవాబుల కీలో కూడా అదే ఉంది: ఏడు, ఒకటో అంశం, జీటీపీ బంద్ రూపం, నిష్క్రియ. కింద సంతకం, ముద్ర. ఆ పాఠం కౌసల్య చెప్పేది కాదు. కళాశాలలో ఆమెకు ఎనిమిదేళ్లుగా పర్యావరణం, జంతు వర్గీకరణ ఇస్తున్నారు. ఎమ్మెస్సీలో చదివిన సంగతి గుర్తుంది కానీ చదివినది గుర్తు లేదు. లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. కీ చూసింది. మార్కులు వేసింది. పది, తొమ్మిది, పది.

పన్నెండున్నరకు, కట్టలో పద్దెనిమిదో పత్రంలో, ఏడో ప్రశ్న కింద వేరే వాక్యం కనిపించింది. "జీటీపీని పట్టుకుని ఉన్నంతసేపు ప్రోటీన్ మెలకువగా ఉంటుంది." ఎర్ర పెన్ను దానంతట అదే కీ వైపు చూసి వచ్చినట్టు వచ్చి, వాక్యం మీద అడ్డంగా గీత గీసింది. కింద బొమ్మ ఉంది. చేతివేళ్లు చాపినట్టున్న కణం. ఇంకా కింద ఆముదపు ఆకు మీద నామాల పురుగు అని ఏదో ఉంది. పరీక్ష పత్రంలో పురుగేమిటనుకుంది కౌసల్య. బొమ్మ వేసినందుకు ఒక మార్కు ఇచ్చింది. మొత్తం కూడితే ఇరవై తొమ్మిది వచ్చింది. పాసు ముప్పై రెండు.

"మేడం, కట్ట?" అంటూ అటెండర్ జానయ్య పక్కన నిలబడి ఉన్నాడు. అరవైకి దగ్గర పడిన మనిషి. భుజం మీద తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, పత్రాలను మాత్రం చంటిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తుకునేవాడు. కౌసల్య మిగిలిన రెండూ తొందరగా దిద్ది కట్ట అప్పగించింది.

సాయంత్రం ఆరింటికి గదికి చేరి, కుళాయి కింద వేళ్లకంటిన ఎర్ర సిరా రుద్దుకుంటుంటే పురుగు గుర్తుకు వచ్చింది. మక్తల్ పక్కన వాళ్ల చెల్కలో ఏటా ఆముదాలే. నామాల పురుగును ఆమె చిన్నప్పుడు పుల్ల మీదికి ఎక్కించుకుని గంటలు గంటలు చూసేది. ముందరి కాళ్లు చాపి పట్టుకుంటుంది. ఆ పట్టు చిక్కాక వెనక భాగాన్ని గుంజుకుంటుంది. నడుము విల్లులా లేస్తుంది. మళ్లీ ముందుకు చాపుతుంది. పద్దెనిమిదో పత్రంలో తాను సగం చూసి వదిలేసిన వాక్యాలు ఇప్పుడు ఒక్కొక్కటే పైకి తేలాయి. "పురుగుకు కాళ్లున్నవి. కణానికి కాళ్లు లేవు గనుక ముందరి అంచునే కాలుగా చేసుకుంటుంది. ఆ అంచును ముందుకు తోసేది రాక్ అనే ప్రోటీన్. వెనక భాగాన్ని గుంజేది రో. రెండూ ఒకేచోట ఒకేసారి మెలకువగా ఉంటే కణం ఎటూ పోలేదు."

కుళాయి కట్టేసి కౌసల్య నిలబడిపోయింది. ఇది తెలియకుండా రాసే మాట కాదు. జీటీపీ అతుక్కోగానే ప్రోటీన్ ఆగిపోయేట్టయితే ఆ కణంలో ముందరి అంచు ఎలా కదులుతుంది? ఈ లెక్క తెలియడానికి ఎమ్మెస్సీ అక్కరలేదు, ఆలోచిస్తే చాలు. ఆమె ఆలోచించలేదు. ట్రంకు పెట్టె అడుగు నుంచి ఎమ్మెస్సీ నాటి ఇంగ్లీషు పుస్తకం తీసి, విషయసూచిక పట్టుకుని, పేజీకి చేరింది. జీటీపీ-బౌండ్, అంటే జీటీపీ అణువు అతుక్కున్నది. చురుకైన రూపం. జీడీపీ-బౌండ్. నిద్రించే రూపం. ప్రతి పేరాలోనూ అదే మాట, బౌండ్, బౌండ్. ఆమె పెదవులు కదిలించి పైకి చదివింది. రెండోసారి చదివేసరికి చెవికి వేరేగా వినిపించింది.

బౌండ్. బంద్.

నవ్వు వచ్చింది. దుకాణం బంద్, కరెంటు బంద్, బస్సులు బంద్, జీటీపీ బంద్. ఆ నవ్వు అంతలోనే ఆగిపోయింది. ఆమె మళ్లీ కుళాయి విప్పి మొహం కడుక్కుంది. ఈరోజు తన చేతితో ముప్పై తొమ్మిది తప్పులకు పదులు వేసింది. ఒక్క ఒప్పును కొట్టేసింది. ఆ ఒక్కరూ మూడు మార్కులతో తప్పారు. చివరి సెమిస్టర్, తప్పితే పీజీ ప్రవేశమూ లేదు, బీయెడ్డూ లేదు, ఏడాది పోయినట్టే.

మరునాడు పొద్దున్నే గేటు బయట జిరాక్సు దుకాణం దగ్గర దారానికి వేలాడుతున్న గైడు ఒకటి తీసి చూసింది. అట్ట మీద రచయిత పేరు: డాక్టర్ ప్రేమ్‌సాగర్. మూడో ముద్రణ. నూట పన్నెండో పేజీలో ఆ వాక్యం, అచ్చుతప్పుతో సహా, యథాతథంగా ఉంది.

*

"మధ్యానం రామ్మా, అన్నం తినేటప్పుడు తీరిగ్గ మాట్లాడుకుందాం," అన్నాడు ప్రేమ్‌సాగర్ పొద్దున. మధ్యాహ్నం ఆమె వెళ్లేసరికి చీఫ్ గదిలో టిఫిను డబ్బా మూడు గిన్నెలూ పరిచి ఉన్నాయి. గోంగూర పచ్చడి కలుపుకుంటూ కూర్చోమన్నట్టు గడ్డం ఊపాడు. గోడవారగా కట్టలు పేర్చి ఉన్నాయి. చెయ్యి కడుక్కునే నీళ్ల మగ్గు వాటికి ఆనించి ఉంది.

కౌసల్య చెప్పింది. పుస్తకం చూపించింది. అతను పుస్తకం వైపు చూడనైనా చూడలేదు.

"ఏం చూపెడ్తవ్ తల్లీ గది? నాకు తెల్వదా?" అన్నాడు. ఎడమ చేత్తో జేబులోంచి పెన్ను తీసి, చిరిగిన కవరు ఒకటి ముందుకు లాక్కున్నాడు. ఎడమ చేతితోనే, ఒక్క గీత వంకర పోకుండా, వలయం గీశాడు. జీడీపీని వదిలించి జీటీపీని ఎక్కించే ప్రోటీన్ ఒకవైపు. జీటీపీని విరగ్గొట్టి నిద్రపుచ్చే ప్రోటీన్ మరోవైపు. పక్కన కణం, ముందు అంచులో రాక్, దానికంటే ముందు వేళ్లలా పొడుచుకొచ్చిన చోట సీడీసీ నలభై రెండు అనే ఇంకో ప్రోటీన్, తోక దగ్గర రో. అంత చక్కని బొమ్మను కౌసల్య ఏ పుస్తకంలోనూ చూడలేదు. "నా పీహెచ్‌డీ రాక్ మీదనే. నాలుగేండ్లు. గాజు పలక మీద కణాలను పెంచి, నడుమ సూదితోని గీత గీసేటోళ్లం. గాయం అన్నట్టు. గా గాయం పూడ్చనీకి రెండు దిక్కుల నుంచి కణాలు నడుసుకుంట వస్తయి. రాక్‌ను నిద్రపుచ్చితే రావు. గంటగంటకు ఫొటో తీసేటోణ్ని." ఒక్క క్షణం అతని కళ్లలో ఏదో వెలిగింది. ముద్ద నోట్లో పెట్టుకున్నాక అది ఆరిపోయింది.

"మరి గైడుల?"

"గది డీటీపీల టైపు కొట్టిన పోరగాని పని. నేను బౌండ్ అని చెప్పిన, వాడు బంద్ అని కొట్టిండు. ప్రూఫు చూసెటాయన ఇంకా తెలివిగల్లోడు, బంద్ అంటే జర అర్థం గావాలె గదా అని 'ప్రోటీన్ బంద్ అగును' అని ఒక వాక్యం జోడించిండు." ప్రేమ్‌సాగర్ నవ్వాడు, పళ్ల సందున గోంగూర పీచు. "మూడో ముద్రణల చూసిన. అప్పటికే జిల్లా అంత అదే సదువుతాంది. ప్రశ్నపత్రం పెట్టినాయన గైడు చూసే పెట్టిండు. కీ కూడ గైడులకెల్లే తీసిండు. ఇంగ నేనేం జేయాలె?"

"కీ మార్చాలె సార్."

"మారుస్త. మారిస్తే ఎంతమంది తప్పుతరో తెలుసా? గైడు సదివినోడు గైడు రాసిండు. వాని తప్పేంది? వానికి సున్నా ఏస్తవా? పాపం నువ్వు మోస్తవా?"

కౌసల్యకు అది అన్నిటికంటే అసహ్యంగా తోచింది. ఆ మాటలో న్యాయం ఉంది, అది ఆ నోట్లోంచి వచ్చింది. "రెండిట్లకు మార్కులేద్దాం సార్. తప్పు రాసినోళ్లకు ఎట్లాగూ ఏస్తున్నం. ఒప్పు రాసినోళ్లను ఎందుకు కొట్టెయ్యాలె?" అంది.

"రెండు ఒప్పని కాయితం మీద పెడితే, కీ తప్పని ఒప్పుకున్నట్టె. రేపు ఎవడో ఒకడు ఆర్టీఐ ఏస్తడు. పేపరోళ్లొస్తరు." మజ్జిగ అన్నంలో వేలు తిప్పుతూ ఆలోచించాడు. "ఒక్క పని చేద్దాం. నీ మనసు నొచ్చుకున్నది గా ఒక్క పేపర్‌కే గదా? నేను పొరపాటున సరిగ చూడక తక్కువ ఏసిన, మల్ల దిద్దనీకి పర్మిషన్ ఇయ్యుర్రి అని రాసియ్యి. కీ సంగతి ఎత్తకు. రేపు కట్ట తీపిస్త, నీ చేతులతోనే మార్చుకో."

"అట్ల రాస్తే నా కాంట్రాక్టు రెన్యూవల్..."

"అది మీ ప్రిన్సిపాల్‌కు ఒక కాపీ పోతది మరి. రూలు. పత్రం సరిగ దిద్దలేదని ఉంటే జూన్ల వాళ్లేమనుకుంటరో నేనెట్ల చెప్పాలె?" అతను మగ్గులో చెయ్యి ముంచి, వేళ్లు విదిలించాడు. రెండు చుక్కలు దగ్గరలోని కట్ట మీద పడ్డాయి. "సోచాయించుకో. తొందర్లేదు. ఒక్క పోరగాని కోసం నువ్వెందుకు ఆగమైతవు? సప్లిమెంటరీ ఉండనే ఉన్నది."

మధ్యాహ్నం ఇరవై పత్రాలు దిద్దింది. ఇరవైలోనూ జీటీపీ బంద్. కీ ప్రకారం మార్కులు వేస్తుంటే, పాచిపోయిన పాలు తెలిసి తెలిసి మింగుతున్నట్టుంది. ఒక పత్రంలో అమ్మాయో అబ్బాయో ఆ వాక్యం కింద ముచ్చటగా రెండు గీతలు గీశారు, మర్చిపోకూడని సత్యం కనుక. మల్లేష్‌కు చెప్పింది. అతను చెప్పు కిందినుంచి పత్రం లాగి, ఏడో ప్రశ్న చదివి, తల గోక్కున్నాడు.

"నేను ఐదేండ్ల నుంచి గదే చెబుతున్న మేడం," అన్నాడు. ఈసారి అతని గొంతులో హాస్యం లేదు. కాసేపటికి తిరిగి వచ్చింది. "అంటే నా తరగతిల కణాలన్నీ బంద్‌లనే ఉన్నయన్నట్టు."

ఆ సాయంత్రం కౌసల్య కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. "పొరపాటున" అన్న మాట రాయడానికి చాలాసేపు పట్టింది. ఆ మాట అబద్ధం కాదు. అందుకే రాయడం మరింత కష్టమైంది. సంతకం చేసి, కళాశాల పేరు, హోదా రాసింది. కాంట్రాక్టు అధ్యాపకురాలు. ఎనిమిదేళ్లుగా ఆ మాట అట్లాగే ఉంది.

*

మూడో రోజు ప్రేమ్‌సాగర్ ఉత్తరం చదివి, సంతోషంగా మడిచి పేపర్‌వెయిట్ కింద పెట్టి, జానయ్యకు చీటీ రాసిచ్చాడు. జానయ్యకు కట్టలు దాచిన గది తాళం తీసి వెతకడానికి అరగంట పట్టింది. కట్టను రెండు చేతుల మీద పట్టుకొచ్చి చీఫ్ బల్ల మీద పెడుతూ, "అమ్మా, గీ కట్టేనా? తారీఖు కాడ మీ సంతకమే ఉన్నది," అన్నాడు.

కౌసల్య పద్దెనిమిదోది తీసింది. తన ఎర్రగీత తనకే ఎదురొచ్చింది. ఆ గీత ఎంత ధీమాగా ఉందో చూసి ఆమెకు తన చెయ్యంటేనే రోత పుట్టింది. జవాబు మొదటినుంచి చివరిదాకా చదివింది. మూడు పేజీలు. ఎక్కడా బట్టీ వాసన లేదు. బయటినుంచి వచ్చే సంకేతం కణం పొర దగ్గరికి చేరడం, అక్కడ ఒక ప్రోటీన్ వచ్చి రాక్ చేతిలోని పాత జీడీపీని విడిపించడం, జీటీపీ ఎక్కగానే రాక్ లేచి ఇంకొకదాన్ని తట్టి లేపడం, ఆ లేచింది మరొకదాన్ని లేపడం. ఊళ్లో కబురు ఇల్లిల్లూ దాటి వెళ్లినట్టు రాశారు. చివర్న, "పుండు మానడానికైనా, క్యాన్సర్ కణం ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకడానికైనా ఇదే నడక" అని ఉంది.

"చదివినవా? ఏసెయ్యి," అన్నాడు ప్రేమ్‌సాగర్. పత్రం తన వైపు తిప్పుకుని, బొటనవేలు నాలుకకు అద్దుకుని, అలవాటుగా చివరి దాకా తిప్పసాగాడు. చివరి పేజీ వెనుక అతని వేలు ఆగింది. "ఆగాగు. గిదేంది?"

అక్కడ, ఎనిమిదో ప్రశ్న తర్వాత వదిలేసిన జాగాలో, చిన్న అక్షరాలతో ఇలా ఉంది:

"దిద్దే సార్‌కు లేదా మేడంకు నమస్కారం. ముందర రాసిన ఏడో జవాబు నేను అర్థం చేసుకొని రాసినది. గైడులో వేరే విధంగా ఉన్నది. అది కూడా కింద రాస్తున్నాను. మీకు ఏది కావాలో అది దిద్దుకోగలరు."

దాని కింద, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, జీటీపీ అతుక్కోగానే ప్రోటీన్ బంద్ అగును. దీనినే జీటీపీ బంద్ రూపం అందురు.

మొదటి రోజు కౌసల్య ఈ పేజీ తిప్పలేదు. తిప్పి ఉంటే ఏమయ్యేదో ఆమెకు స్పష్టంగా కనిపించింది. కీ చూసేది. ఈ పేజీకి పది వేసేది. మొత్తం ముప్పై ఎనిమిది. మూడు రోజుల ఈ బాధ ఉండేది కాదు. ఆ మూడు పేజీలను ఆమె ఏనాడూ చదివేది కాదు.

ప్రేమ్‌సాగర్ కుర్చీలో వెనక్కి వాలి పగలబడి నవ్వాడు. "హుషారున్న పోరడు! లోకం తెల్సినోడు! చూసినవా కౌసల్యా, మనల్ని గూడ పాసు చేసిండు." పేపర్‌వెయిట్ కింది ఉత్తరం తీసి, నాలుగు ముక్కలుగా చింపి, బుట్టలో వేశాడు. "ఇంగ నీ ఉత్తరం అక్కర్లే. పేజీ చూసుకోలే, చూసుకున్నం, అంతే. కీ ప్రకారం కిందిదానికి పది ఏసెయ్యి. పైది రెండోసారి రాసినట్టు లెక్క. అడ్డం కొట్టి 'అదనం' అని రాయి. పోరడు పాసు, నువ్వు సేఫ్, నేను సేఫ్. ఎవ్వరికీ రంది లేదు."

నిజంగా ఎవరికీ రంది లేదు. అతను చెప్పినది అక్షరాలా నిజం. ఆ రాసినవాళ్లెవరో పీజీకి వెళతారు. మార్కుల జాబితాలో ముప్పై ఎనిమిది అని మాత్రమే ఉంటుంది. ఏ పేజీకి పది వచ్చిందో ఎప్పటికీ ఎవరికీ తెలియదు. కౌసల్య పెన్ను మూత తీసింది. ఇరవై, ఇరవై ఒక్క ఏళ్లుంటాయి ఆ మనిషికి. తనకు తెలిసినదీ, తననుంచి వీళ్లు కోరేదీ వేరువేరని ఆ వయసుకే తెలుసు. దాని మీద కోపం కూడా లేదు ఆ అక్షరాల్లో. అంగట్లో రెండు రకాల బియ్యం చూపించి, మీకేది కావాలమ్మా అని అడిగినంత మామూలుగా అడిగారు. ఆ మామూలుతనం చూసి కౌసల్య ఆ వాక్యాలను మళ్లీ చదివింది. దీన్ని ఎవరు నేర్పారు? ఏ గైడులోనూ లేదు ఇది.

ఆమె పత్రం వెనక్కి తిప్పింది. మొదటి రోజు గీసిన ఎర్రగీతకు ఇరుపక్కలా చిన్న సంతకాలు చేసి రద్దు చేసింది. అప్పుడు వేసిన ఒక మార్కును కొట్టేసి, మార్జిన్‌లో పది వేసింది. చివరి పేజీకి వెళ్లి, గైడు వాక్యం మీద ఈ మూల నుంచి ఆ మూలకు గీత గీసి, పక్కన "తప్పు" అని రాసింది. పై అట్ట మీద మొత్తం దిద్దింది: ముప్పై ఎనిమిది.

ప్రేమ్‌సాగర్ నవ్వు ఆపాడు. "ఏం జేసినవ్?"

"దిద్దిన సార్."

"పది పదే గదా. పైన ఏస్తేంది, కింద ఏస్తేంది? ఫరక్ ఏముంది? స్క్రూటినీల కీ పక్కన పెట్టి చూస్తే నిన్నే అడుగుతరు. మల్ల నీకే ఉత్తరం రాయవలసొస్తది."

"ఇయ్యుర్రి కాయితం. రాస్త."

నిలబడే రాసింది. నిన్న గంట పట్టిన పని ఇప్పుడు అర నిమిషంలో అయిపోయింది. "కీలో ఏడో ప్రశ్నకు ఇచ్చిన జవాబు తప్పు. నేను సరైన జవాబుకు మార్కులు వేశాను." పేరు, కళాశాల, హోదా. తారీఖు.

ప్రేమ్‌సాగర్ దాన్ని రెండుసార్లు చదివాడు. ఫైలు అందుకోబోయి ఆగాడు. ఫైలులో పెడితే ఆమె కళాశాలకు ఒక కాపీ పోవాలి. విశ్వవిద్యాలయానికి ఒక కాపీ పోవాలి. చింపి బుట్టలో వేయబోయి, గుమ్మంలో నిలబడి చూస్తున్న జానయ్య వైపు ఒకసారి చూశాడు. చివరికి నాలుగు మడతలు మడిచి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు శానా మొండిదానివి తల్లీ," అన్నాడు, ఆప్యాయంగానే. "పో, పోయి పని చూసుకో. కట్ట తీస్కపో జానయ్యా."

ఆమె అనుకున్న శిక్షా రాలేదు, చెప్పిన మాటా మిగల్లేదు. బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంటే కొత్త కట్ట సిద్ధంగా ఉంది. మొదటి పత్రం. ఏడో ప్రశ్న. జీటీపీ అతుక్కోగానే ప్రోటీన్ బంద్ అగును. అక్షరాలు వణుకుతున్నట్టున్నాయి, ఎవరో జ్వరంతో రాసినట్టుంది. కౌసల్య చాలాసేపు చూసింది. పది వేసింది. తర్వాత మార్జిన్‌లో, ఎర్ర సిరాతో, గుండ్రంగా రాసింది: "జీటీపీ అతుక్కున్నప్పుడే ప్రోటీన్ పని చేస్తుంది. బౌండ్ అంటే బంద్ కాదు."

రెండో పత్రం. పది. మళ్లీ ఆ రెండు వాక్యాలు. మూడో పత్రం.

"ఏం రాస్తున్నరు మేడం?" మల్లేష్ మెడ చాచి చదివాడు. "గివి ఎవలు చూస్తరు? రిజల్ట్ అయినంక తుక్కు కింద పోతయి."

"ఎవ్వలు చూడరు."

"మరి?"

"మీ కట్ట మీరు దిద్దుకోరాదా సార్?"

అందరి కట్టలూ నాలుగింటికే ముగిశాయి. ఆమెది అయిదున్నర దాటింది. చూపుడువేలు పక్క ఎర్రగా కాయ కట్టినట్టయింది. ఆ రోజు దిద్దిన నలభైలో పదింటికొకటి చీఫ్ చూసి పచ్చ సిరాతో సంతకం పెట్టాలి. ఇంటికి వెళ్లే తొందరలో ప్రేమ్‌సాగర్ ఆమె బల్ల దగ్గరికే వచ్చాడు. నిలబడే, మొదటి పత్రం తీసి, మొత్తం చూసి, లోపలి మార్కులతో సరిపోయిందో లేదో చూడడానికి పేజీలు తిప్పాడు. ఏడో ప్రశ్న దగ్గర ఆగాడు.

మార్జిన్‌లోని రెండు వాక్యాలూ చదివాడు. కౌసల్య అతని మొహం చూస్తూనే ఉంది. ఆ మొహంలో సిగ్గు వస్తుందేమోనని చూసింది, కోపమైనా వస్తుందేమోనని చూసింది. ఏదీ రాలేదు. అతను ఇంకో పత్రం తీశాడు, అక్కడా చదివాడు. నాలుగింటిలోనూ అవే వాక్యాలు.

"రాత గుండ్రంగ ముద్దుగున్నదమ్మా," అన్నాడు ప్రేమ్‌సాగర్. జేబులో మడిచిన ఉత్తరం పక్క నుంచి పచ్చ పెన్ను తీసి, ఆ వాక్యాల కింద ఖాళీగా ఉన్న జాగాలో, ఒకదాని తర్వాత ఒకటిగా నాలుగు సంతకాలు పెట్టాడు.